అరటిపండుకు ఎనిమిది చేతులు

అరటిపండు ఒక్కటే. పట్టుకున్న చేతులు ఎనిమిది. తొమ్మిదో చెయ్యి పిల్లాడిది. అది ఫొటోలో సరిగా పడలేదు. పర్లేదు, పడాల్సిన మొహాలన్నీ పడ్డాయి.

తెల్లారేసరికి జిల్లా పేజీలో వార్త. ‘అనాథ బాలలకు పండ్లు, రొట్టెల పంపిణీ.’ పండ్ల గురించి ఒక వాక్యం. పంచినవాళ్ల గురించి ఆరు. మండల అధ్యక్షుడు, పట్టణ ప్రధాన కార్యదర్శి, మాజీ ఉపసర్పంచ్, యువజన విభాగం సంయుక్త కన్వీనర్... చివర ‘తదితరులు పాల్గొన్నారు’. ఆ తదితరుల్లో పిల్లలున్నారన్నమాట.

ఈ ఫొటో దిగని ఊరు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉందా? ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకొస్తాను.

నాయకుడి పుట్టినరోజంటే ఊరి చివర పిల్లల హోంలో పండగే. పొద్దున ఒక వర్గం ఇడ్లీలు తెస్తుంది. మధ్యాహ్నం రెండో వర్గం బిర్యానీ తెస్తుంది. సాయంత్రం, ఈసారి టికెట్ తనదేనని నమ్ముతున్న మూడో ఆయన మళ్లీ బిర్యానీ తెస్తాడు. మూడు పూటలా మూడు కేకులు. ఎన్నడూ చూడని మనిషికి పిల్లలు మూడుసార్లు హ్యాపీ బర్త్‌డే పాడాలి. రాత్రికి సగం మందికి కడుపునొప్పి. మరి మర్నాడు? మర్నాడు నాయకుడు పుట్టలేదు కదండీ! పప్పుచారు. అదీ కిరాణా కొట్లో ఖాతా మీద.

ఆ కొట్టాయన మొహం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. మూడు నెలల బాకీ నోరెత్తి అడక్కుండా బియ్యం బస్తా పంపినవాడు దాత కాదు, వ్యాపారి. కేకు ముక్క పిల్లాడి బుగ్గకు పూసి వీడియో తీయించుకున్నవాడు దాత. మన లెక్కలు అలా ఏడిశాయి.

ఫ్లెక్సీని మాత్రం తిట్టకండి. కార్యక్రమం మొత్తమ్మీద పిల్లలకు ఎక్కువ కాలం పనికొచ్చేది అదే. వానాకాలంలో వంటింటి రేకులు కారితే దాన్నే పైన కప్పుతారు. పన్నెండు నవ్వు మొహాల మీద వాన దబదబా పడుతుంది. వాళ్లు జనానికి నిజంగా గొడుగు పట్టిన సందర్భం అదొక్కటే.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ ఫొటో సంగతి చూద్దాం. బాలల న్యాయ చట్టం, 2015. సెక్షన్ 74. సంరక్షణ అవసరమైన బిడ్డ పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ మీడియాకెక్కకూడదు. ఫొటో వెయ్యకూడదు. వేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంత స్పష్టంగా ఉన్న చట్టాన్ని ఇంత బహిరంగంగా, ఇంత నవ్వుతూ, ఇంతమంది కలిసి తుంగలో తొక్కడం ఇంకెక్కడైనా చూశారా? ఫిర్యాదు చెయ్యాలంటే సంబంధిత అధికారి దగ్గరికి వెళ్లాలి. ఆయన వేదిక మీదే ఉన్నారు. పండు పట్టుకున్న అయిదో చెయ్యి ఆయనదే.

పిల్లాడి వైపు నుంచి చూడండి. వాడు ఊళ్లో హైస్కూల్లో ఎనిమిదో తరగతి. తాను హోంలో ఉంటానని క్లాసులో ఎవరికీ చెప్పలేదు. బాబాయి ఇంట్లో ఉంటానన్నాడు. చెప్పుకోవడమో మానుకోవడమో వాడిష్టం. పెట్టెడు బట్టలు కాకుండా వాడికంటూ మిగిలిన ఆస్తి ఆ గుట్టు ఒక్కటే. మీరొచ్చారు. పండిచ్చారు. ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, కింద ‘అనాథల కళ్లల్లో ఆనందం’ అని రాసుకున్నారు. మర్నాడు బడిలో వెనక బెంచీ వాడు ఫోను చూపించి, “ఒరేయ్, ఇది నువ్వేగా?” అన్నాడు. డజను అరటిపండ్లకు ఇంత వసూలు చేస్తారా ఎవరైనా? కాల్‌మనీ వ్యాపారి కూడా కాస్త మొహమాటపడతాడు.

నాయకులు పాతకాలం మనుషులు. పండు దగ్గరే ఆగిపోయారు. కంపెనీలు అలా కాదు. వాళ్లు టీషర్టులు వేసుకుని వస్తారు.

డిసెంబర్ 5. అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1985లో ప్రకటించింది, పాపం మంచి ఉద్దేశంతోనే. ఆ రోజుకు అటూ ఇటూ హోం ముందు ఏసీ బస్సు ఆగుతుంది. నలభై మంది దిగుతారు. ఒకే రంగు టీషర్టులు, వీపు మీద ‘మార్పు నాతోనే’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ ముక్క. చేతుల్లో బ్రష్షులు. గోడకు రంగు వేస్తారు. మళ్లీ గోడకే. నిరుడు ఇంకో కంపెనీ వేసిన సీతాకోకచిలుక మీద ఈసారి సూర్యుడు. పైయేడు మరెవరో వచ్చి సూర్యుడి మీద చెట్టు వేస్తారు. గోడ ఏటికేడు దళసరెక్కుతోంది. ఈ లెక్కన సేవ సాగితే 2047 నాటికి లోపల పిల్లలకు చోటుండదు.

ఆ గోడ పక్కనే కుళాయి. చెడిపోయి చాన్నాళ్లయింది. ప్లంబర్‌ను పిలిస్తే వందల్లో పోయే పని. నలభై మంది ఇంజినీర్లు దాని పక్కన నిలబడి గ్రూప్ ఫొటో దిగారు. కుళాయి అడ్డొస్తోందని అందరూ ఒకడుగు ఎడమకు జరిగారు.

మూడింటికల్లా బస్సు కదలాలి. ట్రాఫిక్ పెరక్కముందే ఔటర్ రింగు రోడ్డు ఎక్కాలి. వాళ్లు టాటా చెప్పాక ఆయమ్మ గుడ్డ, కిరసనాయిలు సీసా తీసుకుని నేలమీద చిందిన రంగు చుక్కలు తుడవడం మొదలెడుతుంది. సాయంత్రానికి మెయిల్ వస్తుంది. ‘మా ఉద్యోగులు నలభై మంది, అయిదు గంటల చొప్పున, మీ సంస్థకు 200 గంటలు సేవ చేశారు. స్టాంపు వేసి ధ్రువీకరించగలరు.’ ఆయమ్మ మోకాళ్ల మీద కూర్చుని తుడిచిన గంటలు ఏ పద్దులో వెయ్యాలి? ఫారంలో ఆ గడి లేదు.

ఆ గంటలకు ఖరీదు కట్టే షరాబులూ ఉండేవారు. 2014 జూన్‌లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఉద్యోగి సేవలో గడిపిన సమయానికి తగ్గ జీతాన్ని సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) ఖర్చులో కలుపుకోవచ్చంది. అంటే సీతాకోకచిలుక రెక్కకు సీనియర్ మేనేజర్ రేటు! 2016 జనవరిలో తెలివి తెచ్చుకుని ఆ తలుపు మూశారు. ఉద్యోగుల శ్రమదానాన్ని డబ్బుగా మార్చి చూపకూడదన్నారు. డబ్బుగా చూపే వీలు పోయింది. రీల్‌గా చూపే వీలు ఉండనే ఉంది.

అసలు ఈ సీఎస్ఆర్ ఎవరి దయ? కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లకు చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. చట్టం చెవి మెలేసి పెట్టిస్తున్న డబ్బు ఇది. మనకు మాత్రం ఔదార్యమని చెప్పి అమ్ముతారు. ఇంటిపన్ను కట్టినందుకు మీకెవరైనా శాలువా కప్పారా? వీళ్లకు కప్పాలి. శాలువా ఖర్చు హోందే.

ఇంతకీ వాళ్లు హోంను ‘పార్ట్‌నర్’ అంటారు. సంస్థ నడిపే పెద్దావిడ మురిసిపోతుంది. పార్ట్‌నర్ కావాలంటే సొసైటీ రిజిస్ట్రేషన్, 12ఏ, 80జీ, సీఎస్ఆర్-1, దర్పణ్ నంబరు, మూడేళ్ల ఆడిట్, కమిటీ తీర్మానం. అడగడం తప్పేం కాదు, దొంగ సంస్థలకు కొదవా మనకు? వాటి దగ్గరికీ వద్దాం. ఈవిడ అన్నీ పట్టుకుని అద్దాల మేడలో పదకొండో అంతస్తుకు వెళుతుంది. అక్కడ సంభాషణ ఇలా నడుస్తుంది.

“చెప్పండి మేడమ్, మీకేం కావాలి?”

“ఆయమ్మకు జీతం సార్.”

“అది ఓవర్‌హెడ్ అండీ. వేరే ఏదైనా?”

“కరెంటు బిల్లు.”

“అదీ ఓవర్‌హెడ్డే.”

“పోనీ, ఇంటద్దె?”

“మేడమ్... మీరు కొంచెం ఇన్నోవేటివ్‌గా ఆలోచించాలి.”

ఇన్నోవేటివ్‌గా ఏం ఆలోచించాలి నాయనా? రాత్రి రెండింటికి జ్వరంతో వణుకుతున్న పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసే యాప్ ఏదైనా ఉందా మీ దగ్గర? ఆ పని చేసేది ఆయమ్మ. ఆమె లేకపోతే అది హోం కాదు, గోడౌన్. ఆమె జీతం మీ భాషలో దండగ. గోడ మీద సూర్యుడు మాత్రం ‘ఇంపాక్ట్’.

పైగా నిబంధనను అడ్డం పెడతారు. నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదట. అయ్యా, ఆ రూలు మీరు చదివారా, ఎవరైనా చెబితే విన్నారా? ఆ 5 శాతం, కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టే సొంత ఖర్చు మీది పరిమితి. ఒక ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిబంధనల్లోనే రాసి ఉంది. పిల్లల హోంలో పిల్లల్ని చూసుకునే మనిషి ప్రాజెక్టు అమలు కాకపోతే మరేమిటి? మీ కాన్ఫరెన్స్ గదికి చట్టం వేసిన తాళం ఊడదీసి తెచ్చి మా వంటింటి తలుపుకు బిగిస్తే ఎలా?

ఫలితం ఏమైందో వెళ్లి చూడండి. మూడు స్మార్ట్ టీవీలు, మూడు కంపెనీలవి. ఆర్వో ప్లాంటు, ఫిల్టర్ మార్చడానికి డబ్బుల్లేక ఆగిపోయింది. సోలార్ దీపాలు, బ్యాటరీలు చచ్చిపోయాయి. ట్యాబులు బీరువాలో, పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడు ఉద్యోగం మారాడు. శిలాఫలకాలు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

ఇక మార్చి నెల. ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా ఫోనెత్తని సారు, మార్చి మూడో వారంలో తానే ఫోన్ చేస్తాడు. గొంతులో తేనె. “మేడమ్, పది రోజుల్లో అయిదు లక్షలు ఖర్చుపెట్టగలరా?” కంగారు ఎందుకంటే, 2021లో చట్టాన్ని బిగించారు. మిగిలిపోయిన డబ్బు కొనసాగే ప్రాజెక్టుదైతే ముప్పై రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వెయ్యాలి. కాకపోతే ఆరు నెలల్లో చట్టం చెప్పిన నిధులకు జమకట్టాలి. తప్పితే జరిమానా. “ఆ అయిదు లక్షలే ఏడాదికి లక్షా పాతికవేల చొప్పున నాలుగేళ్లివ్వండి సార్, మా ఆయమ్మ నిలబడుతుంది” అని పెద్దావిడ బతిమాలుతుంది. కుదరదట. కొనసాగే ప్రాజెక్టు అని చట్టం ఒక దారి చూపించింది కదా? ఆ దారిన నడవాలంటే ఏటా గుర్తుపెట్టుకోవాలి. ఎవరికి ఓపిక? కాబట్టి మంచాలు కొంటారు. ఇరవై మంది పిల్లలకు నలభై మంచాలు. ముప్పై ఒకటో తారీఖున రిబ్బన్ కటింగ్. బారెడు అట్ట చెక్కును ముగ్గురు పట్టుకుంటారు. అసలు చెక్కు విడతలవారీగా వస్తుంది. మొదటి విడత చేతికందకముందే, ఖర్చయినట్టు సర్టిఫికెట్ పంపమని మెయిల్ వస్తుంది.

దానం సామాన్లతోనూ చేస్తారు. అదీ ఒక ముచ్చట. బెజవాడ మే నెల ఎండలో ఉన్ని స్వెట్టర్లు. జత లేని బూట్లు. జిప్పు పోయిన బ్యాగులు. గడువు తీరిన సిరప్పులు. ఇంట్లో బీరువా ఖాళీ చెయ్యాలి, చెత్తబండి వాడు తీసుకోనన్నాడు, హోం గుర్తొచ్చింది. కారు దిగి బస్తా పడేసి, “ఫొటో తీసి పంపండి” అని వెళతారు. ఏం ఫొటో తియ్యాలండీ? చిరిగిన ప్యాంటు వేసుకుని పిల్లాడు నవ్వుతున్నదా?

చదువుకునే పిల్లల సంగతి వేరే. వాళ్లను తిట్టబుద్ధి కాదు. తప్పంతా నేర్పిన వాళ్లది. జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్‌ను 1969లో, గాంధీ శతజయంతి ఏడాది మొదలుపెట్టారు. రెండేళ్లలో 240 గంటలు సేవ చెయ్యాలి. చాలా ఊళ్లలో అది వారం రోజుల క్యాంపుగా, క్యాంపు ర్యాలీగా, ర్యాలీ బ్యానర్‌గా కుదించుకుపోయింది. చెత్త లేని చోట చీపుళ్లు పట్టుకుని వరసలో నిలబడతారు. చెత్త ఉన్నచోట నిలబడితే కంపు కదా!

అంతకంటే ముదురు కేసు ఇంకోటుంది. ఫోను మోగుతుంది. “మేడమ్, మా అబ్బాయి ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నాడండీ. మీ దగ్గర ఆర్నెల్లు వాలంటీర్‌గా చేసినట్టు లెటర్ కావాలి.” “సంతోషమండీ, రేపట్నుంచి పంపించండి.” అవతల కాస్త నిశ్శబ్దం. “అంటే... చేసినట్టు.” పెద్దావిడకు అర్థమవుతుంది. గ్యాస్ బండ అయిపోయింది. అయిదు వేలు ఇస్తామంటున్నారు. లెటర్‌హెడ్ తీస్తుంది. ఆమెను మీరు నిందిస్తారా? ఆయమ్మ జీతం ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదని మర్చిపోకండి. నిందించాల్సింది, కొడుక్కి సేవ చెయ్యడం నేర్పకుండా చేసినట్టు కాగితం సంపాదించడం నేర్పిన తండ్రిని.

ఆ కుర్రాడు అమెరికా వెళతాడు. పదేళ్లకు, డిసెంబరు సెలవుల్లో, నిజంగానే మనసు కరిగి హోంకు వస్తాడు. చాక్లెట్లు తెస్తాడు. తొమ్మిది రోజులు ఇంగ్లిష్ పాటలు నేర్పుతాడు. పిల్లలు మెడకు చుట్టుకుంటారు. పదో రోజు విమానం. పిల్లలకిది కొత్త కాదు. ఏటా ఎవరో ఒక అన్న, ఎవరో ఒక అక్క వస్తారు, గుండె మీద చెయ్యి వేసుకుని మళ్లీ వస్తామంటారు. ఇప్పుడు పెద్దపిల్లలు పేర్లు అడగడం కూడా మానేశారు. ఊరికే ‘అన్నా’ అంటారు. ఏ అన్నకైనా సరిపోతుంది.

మంచివాడే పాపం. వెళ్లాక డాలర్లు పంపుతానంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు కథ. పాస్‌పోర్టు ఏ దేశానిది బాబూ? భారత పాస్‌పోర్టు ఉన్నవాడు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారిందా, వాళ్లమ్మ హోం పక్క వీధిలోనే ఉన్నా సరే, అది విదేశీ సొమ్మే. విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే దిగాలి. పోనీ, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు ఇస్తే? 2020 సవరణ అదీ నిషేధించింది. దేశభద్రత! ఏ మండల కేంద్రంలోనో ఆయమ్మ జీతం దేశ సమగ్రతకు ఎంత ముప్పో మనకేం తెలుసు?

మరి రాజకీయ పార్టీల ముప్పు? 2014లో ఢిల్లీ హైకోర్టు రెండు పెద్ద జాతీయ పార్టీలూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చింది. ఏమైంది? పార్లమెంటులో ఒకరి మొహం ఒకరు చూడని పార్టీలు ఈ ఒక్క విషయంలో తమ బతుకు తేలికయ్యే దారి చూసుకున్నాయి. 2016 ఫైనాన్స్ చట్టంతో నిర్వచనం మార్చారు. అది చాల్లేదు. 2018లో ఆ మార్పును 1976 దాకా వెనక్కి జరిపారు. చేసిన తప్పు నలభై ఏళ్ల వెనక నుంచే తప్పు కాకుండా పోయింది. ఇంత దయగల చట్టం హోం దగ్గరికొచ్చేసరికి ఎందుకో కళ్లద్దాలు పెట్టుకుంటుంది.

సర్కారుకూ వాలంటీర్లంటే మహా ఇష్టం. ఎందుకిష్టమో తెలుసు కదా? ఉద్యోగి అంటే జీతం, పీఎఫ్, సెలవు. వాలంటీర్ అంటే ‘గౌరవ’ వేతనం. బళ్లో మధ్యాహ్నం వంట చేసే అమ్మకు కేంద్రం 2009లో నెలకు వెయ్యి రూపాయలని ఖరారు చేసింది. రాష్ట్రాలు పైన ఎంతో కొంత వేస్తే వేశాయి. వంద మంది పిల్లలకు కట్టెల పొయ్యి ముందు వండే మనిషిని పనిమనిషి అనడానికి కూడా నోరు రాలేదు, సేవకురాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీర్లు వచ్చారు. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు. పెంచమంటే, మీరు ఉద్యోగులు కారు, సేవకులన్నారు. 2024 ఎన్నికల ముందు అవతలి పక్షం 10,000 ఇస్తామంది. గెలిచింది. ఆనక, ఆ వ్యవస్థే మనుగడలో లేదంది. ఇద్దరూ కలిసి ఆ వాలంటీర్లకు నేర్పిన పాఠం ఒకటే. సేవ చెయ్యండి, లెక్కలు మాకొదిలెయ్యండి.

సంస్థల పెద్దలు చంకలు గుద్దుకోనక్కర్లేదు. మీ దగ్గరికే వస్తున్నా. అధ్యక్షుడు ఆయన, కోశాధికారి వాళ్లావిడ, కార్యదర్శి బావమరిది. సర్వసభ్య సమావేశం భోజనాల బల్ల దగ్గర జరిగిపోతుంది. పక్క జిల్లా నుంచి వచ్చి రోజూ పాఠం చెప్పే అమ్మాయికి బస్సు చార్జీ ఇవ్వరు. అయ్యగారి కారు డీజిల్ మాత్రం ‘క్షేత్ర పర్యటన’ పద్దులో పడుతుంది. ఆ అమ్మాయి నోరు తెరిచి అడిగితే, “డబ్బు కోసం వచ్చావామ్మా ఇక్కడికి? సేవాభావం ఉండాలి” అంటారు. ఉండాలి. మీకూ ఉండాలి. మీ కారు కూడా సేవాభావంతో, నీళ్లు పోస్తే నడవాలి. తనిఖీ రోజు పక్క ఊరి బడి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టే ఘనులూ ఉన్నారు. మీవల్లే కదా, నిజాయతీగా నడుపుకునే పెద్దావిడ పదకొండో అంతస్తులో సంచీ నిండా కాగితాలు పట్టుకుని దొంగలా నిలబడాల్సి వస్తోంది?

మనకు చరిత్ర లేక కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గోదావరి దాటి వచ్చినవాడికల్లా అన్నం పెట్టింది. వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా వండి పెట్టింది. 1909లో ఆమె పోయేనాటికి ఆమెకు లోగో లేదు, ట్యాగ్‌లైన్ లేదు. ఇప్పుడు బడి భోజన పథకానికి ఆమె పేరు పెట్టుకున్నాం. వండే అమ్మకు జీతం పెంచడం కంటే పేరు పెట్టడం సులువు.

1923 డిసెంబరు, కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీర్, పేరు దుర్గాబాయి. టికెట్ లేనివాళ్లను వదలొద్దని ఆమెకు అప్పజెప్పిన పని. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు లబోదిబోమన్నారు. టికెట్ చేతికొచ్చాకే లోపలికి పంపింది. నెహ్రూ ఆమె పనితీరును మెచ్చుకున్నాడు. తర్వాత ఆ పిల్లే మద్రాసులో ఆంధ్ర మహిళాసభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది.

ఇవాళ ఏదైనా హోం గేటు దగ్గర ఓ పద్నాలుగేళ్ల పిల్ల నిలబడి, “కెమెరా బయట పెట్టి రండి సార్, సెక్షన్ 74” అని ఎమ్మెల్యేగారిని ఆపిందనుకోండి. మెచ్చుకుంటారా? మర్నాడు పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్లొస్తారు, ఫైర్ ఎన్‌వోసీ ఏదని. మధ్యాహ్నం కార్మిక శాఖ. సాయంత్రానికి ఇంటి ఓనరు వచ్చి, “అమ్మా, మాకెందుకొచ్చిన గొడవ, ఖాళీ చెయ్యండి” అంటాడు.

అందుకే ఓ సలహా. సంస్థలు ఫారాలు నింపడం చాలించి, దాతల చేత నింపించాలి. భాగస్వాములమంటున్నారు కదా? రెండు వైపులా కాగితాలుండాలి. పోయినేడు హోంకు వచ్చిన తేదీలు రాయండి, పుట్టినరోజులూ దినోత్సవాలూ కొట్టేసి. పిల్లల్లో అయిదుగురి పేర్లు రాయండి, చూడకుండా. మీరు రంగు వేసిన గోడకు ఇప్పుడు చెమ్మ పట్టిందో లేదో చెప్పండి. మీ కంపెనీ సీఎస్ఆర్ విభాగం అధిపతికి జీతం ఎంత, అది మీ లెక్కలో ఓవర్‌హెడ్డేనా? మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు నెలకు ఎంతిస్తారు, ఆదివారం సెలవుందా, పోయిన పండక్కి ఇచ్చిన చీర కొత్తదేనా? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు ఆవిడే రాయాలి, మీరు కాదు. ఒప్పందంలో కూడా ఒకే ఒక్క షరతు పెడితే చాలు. ఫొటోలో ఎంతమంది నిలబడతారో అంతమందీ ఆయమ్మ జీతంలో వంతు కట్టాలి. చూస్తూ ఉండండి, అరటిపండు దగ్గర చేతులు ఎంత తొందరగా పల్చబడతాయో.

ఫారం నింపలేనివాళ్లు బెంగపడక్కర్లేదు. వచ్చే మంగళవారం రండి. ఆ రోజు ఏ దినోత్సవమూ లేదు, ఏ నాయకుడూ పుట్టలేదు, విలేఖరి రాడు. పిల్లల తలల్లో పేలు చూసే రోజు. ఇరవై తలలు, ఆయమ్మ ఒక్కతే. పేల దువ్వెన మీరే తెచ్చుకోండి, అది కొనడానికి ఏ కంపెనీ బడ్జెట్‌లోనూ పద్దు లేదు.